రోసాస్: రాష్ట్రాన్ని పశువుల క్షేత్రంలా ఏలిన గవర్నరు

1820 నవంబరులో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్, శాంతా ఫె రాష్ట్రాలు బెనేగాస్ అనే చోట సంధి చేసుకున్నాయి. పోరు సాగినంతకాలం శాంతా ఫె గడ్డిమైదానాల్లో మందలు చెల్లాచెదురయ్యాయి. ఆ నష్టం పూడ్చనిదే అక్కడి గవర్నరు ఎస్తానిస్లావో లోపెస్ తగ్గేలా లేడు, పరిహారం కట్టి ఓటమిని ఒప్పుకున్నట్టు కనబడటానికి బ్యూనస్ ఎయిర్స్ పెద్దలకు మనసొప్పదు. అప్పుడు 27 ఏళ్ల పశువుల ఆసామి ఒకడు ముందుకొచ్చి, 25,000 పశువులను తన సొంత పూచీ మీద శాంతా ఫెకు తోలిస్తానన్నాడు. మాట తప్పలేదు సరికదా, చెప్పిన లెక్కకు మించే తోలించాడు. ఆ ఆసామి పేరు హువాన్ మాన్యుయెల్ దె రోసాస్. మరో తొమ్మిదేళ్లకు ఆయన బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. మధ్యలో కొద్ది విరామం మినహా 1852 వరకు ఆ గద్దె దిగలేదు.

రోసాస్ గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒకరికి ఆయన నెత్తుటి నియంత, మరొకరికి ఐరోపా నౌకాదళాలకు ఎదురొడ్డిన దేశభక్తుడు. రెండు వాదనల్లోనూ నిజముంది. అయితే ఆయన జీవితాన్ని చదివినకొద్దీ నా మనసు ఆ రెండింటికన్నా ముందటి కాలం మీదికి, అంటే మందలు, తోళ్లు, ఉప్పుమాంసం, పాలేర్ల నడుమ గడిచిన యౌవనం మీదికి పోతుంది. ఆయన పాలనలో మనకు వింతగా, భయంకరంగా తోచే చాలా విషయాలకు మూలం అక్కడే కనబడుతుందని నా నమ్మకం.

రోసాస్ 1793 మార్చి 30న బ్యూనస్ ఎయిర్స్ నగరంలో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. భూములు, పశువులు ప్రధానంగా తల్లి అగుస్తీనా లోపెస్ దె ఓసోర్నియో వైపు నుంచి వచ్చినవి. అగుస్తీనా తండ్రి క్లెమెంతె సలాదో నది ప్రాంతంలో, స్పానిష్ వలసపాలన పట్టు సడలిపోయే సరిహద్దు అంచున, పెద్ద ఎస్తాన్సియాను, అంటే పశువుల పెంపక క్షేత్రాన్ని నడిపాడు. 1783లో మూలవాసుల దాడిలో ఆయన, ఆయన కొడుకు ఇద్దరూ అక్కడే హతులయ్యారు. ఆ తర్వాత అగుస్తీనా తానే పెత్తనం చేపట్టి, తెల్లవారుజామున గుర్రమెక్కి మందల దగ్గరికి వెళ్లి, పాలేర్ల చేత పని చేయించిందని కుటుంబంలో చెప్పుకునేవారు. కొడుక్కి పట్టుదల, పెత్తనపు గుణం తల్లి నుంచే వచ్చాయనిపిస్తుంది. ఎందుకంటే అతను మొదట ధిక్కరించింది ఆమెనే.

నగరంలోని ప్రైవేటు బడిలో అతని చదువు కొద్దికాలమే సాగింది. 1806లో బ్రిటిష్ సేన నగరం మీద పడ్డప్పుడు పదమూడేళ్ల కుర్రవాడిగా రక్షణ దళంలో చేరాడు. 1810లో స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలైనప్పుడు మాత్రం ఎస్తాన్సియాలో పశువులు చూసుకుంటూ ఉండిపోయాడు. 1813లో ఎన్‌కర్నాసియోన్ ఎస్కుర్రాను పెళ్లాడాడు. ఆ పెళ్లికి తల్లి అడ్డుపడితే, ఎన్‌కర్నాసియోన్ తాను గర్భవతినని ఉత్తరం రాసి, అది తల్లి కంట పడేలా చేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజం ఏదైనా, పెళ్లైన కొంతకాలానికే అతను తల్లిదండ్రుల ఆస్తి పెత్తనం వదిలేసి బయటికొచ్చి, స్నేహితుడు తెర్రేరోతో, లూయిస్ దొర్రేగోతో కలిసి సొంత వ్యాపారం పెట్టాడు.

1815లో కిల్మెస్ దగ్గర మొదలైన ఆ వ్యాపారం ఉప్పుమాంసం తయారీ. అంతకుముందు పంపాస్ మైదానాల్లో పశువుకు విలువ తోలు, కొవ్వుల వల్లనే ఉండేది. తోలు ఒలుచుకున్నాక మాంసంలో చాలాభాగం గద్దలకు, కుక్కలకు వదిలేసేవారు. కొత్త పద్ధతిలో పశువును కోసి, మాంసాన్ని పలుచటి పొరలుగా చీల్చి, ఉప్పు చల్లుతూ దొంతరలుగా పేర్చి, తర్వాత ఎండలో ఆరబెట్టి ఓడలకెక్కించేవారు. ఆ సరుకు క్యూబాకు, బ్రెజిల్‌కు వెళ్లేది. తిన్నది అక్కడి తోటల్లో చాకిరీ చేసే బానిసలు. రోసాస్ సంపదకు పునాది ఏమిటని అడిగితే గడ్డి, ఉప్పు అని చెప్పి ఊరుకోలేం, ఆ బానిసల ఆకలిని కూడా లెక్కలో వేసుకోవాలి. నగరంలో మాంసం కరువైందన్న ఆరోపణతో 1817లో ప్రభుత్వం ఆ కర్మాగారాలను మూయించింది. అప్పుడు భాగస్వాములు పెట్టుబడిని భూమి మీదికి మళ్లించారు. గువార్దియా దెల్ మోంతె ప్రాంతంలో లోస్ సెర్రీయోస్ అనే ఎస్తాన్సియా అలా పెరిగింది. తన బంధువులైన అంచోరేనా సోదరుల భూముల వ్యవహారం కూడా రోసాస్ చేతికే వచ్చింది.

ఎస్తాన్సియా కార్యస్థుల కోసం 1819లో అతను రాసిపెట్టిన సూచనల్లో తోళ్లు ఎలా ఆరబెట్టాలి, గుర్రాలను ఎలా సాకాలి వంటి చిన్న చిన్న పనులన్నీ వివరంగా ఉంటాయి. సారా కొట్టును క్షేత్రం హద్దుల్లోకి రానివ్వలేదు. ఎవరిదో తెలియని భూమిలో, ఎవరివో తెలియని మందల వెంట స్వేచ్ఛగా గుర్రం మీద తిరగడానికి అలవాటుపడ్డ గౌచోలను, అంటే అక్కడి పశువుల కాపరులను, ఒక పద్ధతి కిందికి తేవడం ఆ కాలంలో సామాన్యమైన పని కాదు. సరిహద్దులో ఆయన క్షేత్రాలు మూలవాసుల దాడులకు తట్టుకుని నిలిచాయంటే, వందలాది పాలేర్లను సైనికుల్లా తీర్చిదిద్దుకోవడమే అందుకు కారణం. 1820లో మార్తిన్ రోద్రిగెస్‌ను గవర్నరు పదవిలో నిలబెట్టడానికి రోసాస్ నగరంలోకి నడిపించిన ఎర్ర దుస్తుల అశ్వికదళం ఈ పాలేర్లతో, పొరుగు రైతులతో తయారైనదే.

ఆ క్రమశిక్షణ గురించి ఒక కథను చార్లెస్ డార్విన్ 1833లో దక్షిణాన ప్రయాణిస్తూ విని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆదివారాల్లో జూదం, తాగుడు, వాటి వెంట కత్తిపోట్లు మామూలు కాబట్టి, ఆ రోజు ఎవరూ కత్తి ధరించకూడదని, ధరిస్తే బొండకొయ్యలో కాళ్లు బిగించాలని రోసాస్ తన క్షేత్రంలో కట్టడి చేశాడు. ఒక ఆదివారం అప్పటి గవర్నరు ఆడంబరంగా చూడవచ్చాడు. రోసాస్ హడావుడిగా ఎదురెళ్తూ, రోజూలాగే మొలలో కత్తితోనే బయటికొచ్చాడు. కార్యస్థుడు చేయి తట్టి నియమం గుర్తుచేశాడు. రోసాస్ వెంటనే గవర్నరు వైపు తిరిగి, మన్నించమని, తాను బొండకొయ్యకు వెళ్లక తప్పదని, విడుదలయ్యేదాకా తన ఇంట్లో తనకే అధికారం లేదని చెప్పి వెళ్లి కూర్చున్నాడు. కొంతసేపటికి జాలిపడో, బతిమాలగానో, కార్యస్థుడు కొయ్య తెరిచాడు. బయటపడ్డ మరుక్షణం రోసాస్ అతనితో, ఇప్పుడు నియమం మీరింది నువ్వు, నా చోట నువ్వు కూర్చో అన్నాడట. సమానత్వం విషయంలో, ఆత్మగౌరవం విషయంలో పట్టింపు ఎక్కువగా ఉండే గౌచోలు ఇలాంటి పనులకు మురిసిపోయేవారని డార్విన్ రాశాడు.

ఈ కథ జరిగినట్టే జరిగిందో లేదో చెప్పడం కష్టం. కానీ గౌచోలు నమ్మి చెప్పుకున్నారన్నది ముఖ్యం. యజమాని కూడా తలవంచే నియమం ఒకటుందని వాళ్లు నమ్మారు, ఆ నమ్మకమే వాళ్లను ఆయన జెండా వెంట నడిపించింది. నేను చూసేది ఇంకొకటుంది. ఆ నియమం రాసింది ఆయనే, తనకు శిక్ష వేసుకున్నది ఆయనే, చివరికి దయ చూపిన మనిషిని శిక్షించిందీ ఆయనే. కత్తి గుర్తుచేసిన కార్యస్థుడికి ఆయన్ను నిలదీసే సొంత హక్కు ఏదీ లేదు. ఎస్తాన్సియా హద్దుల్లో ఇది న్యాయంలా కనిపించవచ్చు. రాష్ట్రం మొత్తానికి ఇదే పద్ధతి వచ్చినప్పుడు బొండకొయ్య గుర్తుచేసే మనిషి ఒక్కడూ మిగల్లేదు.

గవర్నరు పదవిలోకి వచ్చిన 1829 డిసెంబరులోనే రోసాస్ ఉరుగ్వే ప్రతినిధి సాంతియాగో వాస్కెస్‌తో ఒక మాట దాపరికం లేకుండా చెప్పాడు. తనకు ముందున్న పాలకులు చదువుకున్నవాళ్ల మధ్యే తిరిగి, కింది వర్గాలను పట్టించుకోలేదని, వాళ్లమీద పలుకుబడి సంపాదించడానికి తాను గౌచోల్లో గౌచోగా మారి, వాళ్లలా మాట్లాడి, వాళ్ల పనులు చూసిపెట్టానని దాని సారాంశం. గుర్రపు స్వారీలో, తాడు విసరడంలో ఏ గౌచోకూ తీసిపోడని పేరు. పైన దూలం మీద కూర్చుని, కొట్టం నుంచి దూసుకొచ్చే పొగరుబోతు గుర్రం వీపు మీదికి దూకి, జీను కళ్లెం లేకుండా స్వారీ చేసి తిరిగి తేవడం అక్కడివారి పరీక్షల్లో ఒకటి, అది ఆయనకు వచ్చునని డార్విన్‌కు చెప్పారు. ఆ కాలపు నగర నాయకులు పుస్తకాల్లో చదివిన రాజ్యాంగాలతో పల్లెను ఏలుదామనుకున్నారు కాబట్టే పల్లె రోసాస్‌ను ఎంచుకుంది. ఆ ఎంపికను మూర్ఖత్వమని కొట్టిపారేసే విశ్లేషణలు నాకు నచ్చవు.

అధికారానికి దారి తెరిచింది ఒక హత్య. 1828 డిసెంబరులో సేనాని హువాన్ లవాయె తిరుగుబాటు చేసి, ఎన్నికైన గవర్నరు మాన్యుయెల్ దొర్రేగోను నవర్రో దగ్గర విచారణ లేకుండా కాల్పించాడు. అప్పటికి పల్లెదళాలకు అధిపతిగా ఉన్న రోసాస్, శాంతా ఫె నుంచి వచ్చిన పాతమిత్రుడు లోపెస్‌తో కలిసి 1829 ఏప్రిల్‌లో లవాయెను ఓడించాడు. ఆ తర్వాత శాసనసభ రోసాస్‌ను అసాధారణ అధికారాలతో గవర్నరును చేసింది. 1832లో గడువు ముగిశాక, అవే అధికారాలు మళ్లీ ఇవ్వకపోతే పదవి వద్దని తప్పుకుని, మూలవాసుల మీద దండయాత్రకు దక్షిణానికి వెళ్లాడు. 1833లో సాగిన ఆ యాత్రలో వేలాదిమంది మూలవాసులు చనిపోయారు. లొంగివచ్చిన నాయకులకు మాత్రం ఆడగుర్రాలు, పొగాకు, టీలా కాచుకునే మాతె ఆకు క్రమం తప్పక పంపే ఏర్పాటు చేశాడు. ఆ శాంతి వెనుక ఎంత రక్తముందో చెప్పకుండా ఆయన దక్షతను మెచ్చుకునేవాళ్లతో నేను ఏకీభవించలేను. కొలరాదో నది ఒడ్డున ఆయన్ను కలిసిన డార్విన్, అప్పటికి ఆయనకు 74 చదరపు లీగుల భూమి, సుమారు 3 లక్షల పశువులు ఉన్నాయని రాశాడు. అర్జెంటీనా లీగు లెక్కన ఆ భూమి దాదాపు 5 లక్షల ఎకరాలవుతుంది. ఈ మనిషి తన పలుకుబడిని దేశాభివృద్ధికే వాడతాడనిపిస్తోందని ముందు రాసిన డార్విన్, 1845 నాటి కూర్పులో, ఆ జోస్యం పూర్తిగా తప్పిందని అడుగున ఒక వాక్యం చేర్చాడు.

భర్త దక్షిణాన ఉన్న ఆ నెలల్లో నగర రాజకీయాన్ని నడిపింది ఎన్‌కర్నాసియోన్. ఎవరు నమ్మదగినవారు, ఎవరు ఊగిసలాడుతున్నారు అన్నది ఉత్తరాల్లో భర్తకు ఎప్పటికప్పుడు తెలియజేసింది. మాంసం కోసేవాళ్లను, బండ్లు తోలేవాళ్లను, నల్లజాతి సంఘాలను తన ఇంటికి రప్పించి కూడగట్టింది. 1833 అక్టోబరులో గవర్నరు బాల్కార్సె మీద లేచిన తిరుగుబాటులో ఆమె పాత్ర చాలా పెద్దది. రోసాస్ వర్గానికి కొరడాగా పనిచేసిన మాసోర్కా అనే ముఠా ఈ వాతావరణంలోనే పుట్టింది. 1838లో ఆమె చనిపోయాక కూతురు మాన్యుయెలితా తండ్రి పక్కన ఆ చోటు నింపింది గానీ, తల్లికున్న రాజకీయ పదును వేరు.

1835 ఫిబ్రవరిలో పశ్చిమ ప్రాంత నాయకుడు ఫకుందో కిరోగా హత్యకు గురయ్యాడు. దేశం ఛిన్నాభిన్నమవుతుందన్న భయంతో శాసనసభ రోసాస్‌కు సమస్త ప్రభుత్వాధికారాన్నీ అప్పగించింది. ఆయన అది చాలదని, ప్రజల అభిప్రాయం కూడా అడగాలని పట్టుబట్టాడు. మార్చి నెలాఖరులో నగరంలో జరిగిన ఆ ఓటింగులో తొమ్మిది వేలకు పైగా ఓట్లు అనుకూలంగా పడగా, వ్యతిరేకంగా పడ్డవి పదికి లోపే. పల్లెలను అడగనేలేదు, వాళ్ల అభిప్రాయం వేరే తెలుసుకోనక్కర్లేదన్నారు. ఎర్ర రిబ్బను అందరికీ తప్పనిసరైంది. పురుషులు గుండెల మీద, స్త్రీలు జుట్టులో ధరించాలి. ప్రభుత్వ పత్రాల తలకట్టులో శత్రుపక్షమైన ఉనితారియోలకు మరణమన్న నినాదం, చర్చి బలిపీఠాల పక్కన ఆయన చిత్రపటం కనిపించేవి. మందలో ఎవరి పశువో తెలియడానికి యజమాని వేసే వాత ఎలాంటిదో ఆ ఎర్ర రిబ్బను అలాంటిది. మాసోర్కా ముఠా ప్రత్యర్థులను చంపిన పద్ధతి కూడా కసాయి దొడ్ల నుంచి వచ్చిందే, అది కత్తితో గొంతు కోయడం. 1840 అక్టోబరులో, మళ్లీ 1842 ఏప్రిల్‌లో ఆ హత్యలు పరాకాష్ఠకు చేరాయి.

ఆయన్ను పశువుల ఆసాముల ప్రతినిధిగా చూసేవాళ్లు 1839 నాటి దక్షిణాది తిరుగుబాటును దాటేయకూడదు. ఫ్రెంచి నౌకల దిగ్బంధంతో తోళ్ల ఎగుమతి ఆగిపోయి, ప్రభుత్వ భూముల కౌలు విషయంలో ఒత్తిడి పెరిగి, దొలోరెస్, చస్కోముస్ ప్రాంతపు ఆసాములు ఆయన మీద తిరగబడ్డారు. నవంబరులో రోసాస్ తమ్ముడు ప్రుదెన్సియో ఆ తిరుగుబాటును అణచివేశాడు. నాయకుల్లో ఒకడైన పెద్రో కాస్తెల్లి తలను దొలోరెస్ కూడలిలో కర్రకు గుచ్చి నిలబెట్టారు. సాటి ఆసాములకే ఈ గతి పట్టిందంటే, ఆయన లెక్కలో వర్గం కన్నా విధేయత పెద్దదని అర్థమవుతుంది. 1848 ఆగస్టులో, ఒక మతాచార్యుడితో కలిసి పారిపోయిన కమీలా ఓ గోర్మాన్ అనే యువతిని, ఆమె నిండు గర్భిణి అని తెలిసీ, అతనితో పాటే కాల్చి చంపించాడు. కమీలా తండ్రే శిక్ష కోరాడని, న్యాయవేత్తలను సంప్రదించానని తర్వాత ఎన్ని సమర్థనలు ఇచ్చుకున్నా, ఈ పనికి క్షమాపణ లేదు.

అయినా 1845 నవంబరు 20న ఒబ్లిగాదో మలుపు దగ్గర, పరానా నదికి అడ్డంగా గొలుసులు కట్టి, బ్రిటిష్, ఫ్రెంచి నౌకలను ఎదిరించిన ప్రభుత్వం ఆయనదే. నౌకలు దాటిపోయాయి గానీ, కొన్నేళ్లకు ఆ రెండు దేశాలూ దిగివచ్చి సంధి చేసుకున్నాయి. ఫ్రాన్స్‌లో ప్రవాసంలో ఉన్న స్వాతంత్ర్య సేనాని సాన్ మార్తిన్ తన ఖడ్గాన్ని రోసాస్‌కు చెందాలని వీలునామాలో రాశాడు. ఇంతటి అధికారం చెలాయించినా హోదా రీత్యా ఆయన చివరిదాకా ఒక రాష్ట్ర గవర్నరే. మిగతా రాష్ట్రాల తరఫున విదేశీ వ్యవహారాలు చూడటం దానికి అదనం. జాతీయ రాజ్యాంగానికి సమయం రాలేదని ఏళ్ల తరబడి దాటవేశాడు. బ్యూనస్ ఎయిర్స్ రేవులో వసూలయ్యే సుంకం మాత్రం ఆయన రాష్ట్రానికే దక్కింది.

ఆయన్ను పడగొట్టిందీ ఒక పశువుల ఆసామే. ఎంత్రె రియోస్ గవర్నరు హూస్తో హోసె దె ఉర్కీసా వేల ఎకరాల భూమి, మందలు, ఉప్పుమాంసపు కర్మాగారం ఉన్నవాడు. రేవు, సుంకాల మీద బ్యూనస్ ఎయిర్స్ పెత్తనంతో విసిగి 1851 మేలో తెగతెంపులు చేసుకుని, బ్రెజిల్, ఉరుగ్వే సేనలను తోడు తెచ్చుకున్నాడు. 1852 ఫిబ్రవరి 3న కసెరోస్ దగ్గర రోసాస్ సేన చెదిరిపోయింది. చేతికి గాయంతో ఆయన రాజీనామా రాసి, బ్రిటిష్ ప్రతినిధి ఇంటికి చేరి, అక్కణ్నుంచి ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిపోయాడు. చిత్తడినేలను పూడ్చి ఆయన కట్టించుకున్న పలేర్మో భవనాన్ని తర్వాత పడగొట్టారు. అక్కడి ఉద్యానానికి ఆయన ఓడిపోయిన తేదీనే పేరుగా పెట్టారు.

సౌతాంప్టన్ దగ్గర స్వేత్లింగ్‌లో ఒక కమతాన్ని కౌలుకు తీసుకుని, ఆవులను, గుర్రాలను పెంచుతూ, కూలీలను పెట్టి పని చేయిస్తూ రోసాస్ ముసలితనం గడిపాడు. డబ్బుకు ఇబ్బందిపడ్డాడు. ఆస్తి జప్తైన తర్వాత ఉర్కీసా కొద్దికాలం వదిలిపెట్టడంతో ఒక ఎస్తాన్సియా అమ్ముకోగలిగాడు. ఓడించిన మనిషే తర్వాత ఆర్థికంగా ఆదుకోవడం ఆ ఇద్దరి మధ్య నన్ను బాగా ఆశ్చర్యపరిచే విషయం. 1857లో బ్యూనస్ ఎయిర్స్ శాసనసభ ఆయన్ను దేశద్రోహిగా ప్రకటించింది. చలిలో పశువులను చూడటానికి వెళ్లి న్యుమోనియా తెచ్చుకుని, 1877 మార్చి 14న, 84 ఏళ్లు నిండటానికి కొద్దిరోజుల ముందు చనిపోయాడు. అస్థికలు 1989లో బ్యూనస్ ఎయిర్స్‌లోని రెకొలేతా శ్మశానానికి చేరాయి.

ఆయన భూములు పోయాయి గానీ, ఆయన కాలంలో చేతులు మారిన భూములు చాలావరకు వెనక్కి రాలేదు. 1836 చట్టం కింద 1,500 చదరపు లీగుల ప్రభుత్వ భూమిని అమ్మకానికి పెట్టినప్పుడు కొనగలిగినవాళ్లు అప్పటికే పెద్ద ఆసాములైనవాళ్లు. యుద్ధసేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూమి పత్రాలను కూడా సామాన్య సైనికులు చాలాచోట్ల వాళ్లకే అమ్ముకున్నారు. ఒకప్పుడు రోసాస్ తన చేతులతో మందలు చూసిపెట్టిన అంచోరేనా కుటుంబం కసెరోస్ తర్వాత కూడా దేశంలోని అత్యంత సంపన్నుల వరుసలోనే నిలిచింది. గౌచోగా మారి గౌచోల పనులు చూసిపెట్టానన్న గవర్నరు దాదాపు ఇరవై ఏళ్లు ఏలాక కూడా, గుర్రం మీద తిరిగే గౌచో పనిలో ఉన్నట్టు యజమాని ఇచ్చిన చీటీ చూపలేకపోతే దిమ్మరిగా లెక్కకట్టి సైన్యంలోకి తోలే చట్టం అలాగే ఉంది. ఆయన తర్వాత వచ్చిన ప్రభుత్వాలు కూడా దాన్ని కొనసాగించాయి.